కింది గదిలో తొమ్మిదో వారం

సత్తుపల్లి దగ్గర పని ముగిసిపోయిన ఒక ఓపెన్‌కాస్ట్ గని పక్కన పెద్ద మట్టిగుట్ట ఉంది. బొగ్గు కోసం తవ్వి పోసిన ఎర్రమట్టి, రాళ్లు, పనికిరాని బొగ్గుపొడి ఇరవై ఏళ్లపాటు పడీ పడీ అంత ఎత్తు లేచింది. దానిమీద గడ్డి కూడా సరిగా మొలవదు. హైదరాబాదు నుంచి వచ్చిన పరిశోధన సంస్థవాళ్లకు సరిగ్గా అదే నచ్చింది. అంగారకుడి మీదికి పోయిన మనుషులు ఎలా బతుకుతారో భూమ్మీదే చూడాలని వాళ్లు ఆ గుట్టమీద ఇనుప గదులు నాలుగు కలిపి ఒక నివాసం కట్టారు. నలుగురు మనుషులు వంద రోజులు బయటి గాలి పీల్చకుండా అందులో ఉండాలి.

ఆ నలుగురిలో శ్రీశైలం ఒకడు. ముప్పై నాలుగేళ్లవాడు, డంపర్ల వర్క్‌షాపులో కాంట్రాక్టు మెకానిక్. తండ్రి మొండయ్య ఇల్లందు భూగర్భ గనిలో ముప్పై ఏళ్లు చేసి, ఊపిరితిత్తులు పాడై చనిపోయాడు. శ్రీశైలం ఐటీఐ దాటి చదవలేదు గాని ఏ పంపు ఎందుకు మూలుగుతున్నదో చెవితో విని చెప్పగలడు. అందుకే తీసుకున్నారు. మిగతా ముగ్గురూ పెద్ద చదువులవాళ్లు. కమాండరు జయప్రకాశ్ ఇంజనీరింగు కాలేజీలో పాఠాలు చెబుతాడు, సత్తుపల్లిలో వాళ్లకు పామాయిల్ తోటలున్నాయి. రాజ్యశ్రీ డాక్టరు. సాహిత్య వేంసూరు వైపు రైతుల బిడ్డ. సూక్ష్మజీవుల మీద పరిశోధన చేస్తున్నది, ఇంకా ఇరవై ఏడు నిండలేదు. నలుగురికీ ఒకే రంగు చొక్కాలిచ్చి, జేబుమీద పేర్లు కుట్టించారు. డాక్టరు పేరు ఏ దారంతో కుట్టారో తన పేరూ అదే దారంతో కుట్టారని శ్రీశైలం భార్య మధులతకు రెండుసార్లు చూపించాడు.

లోపలి బతుకు గడియారం ముల్లుమీద నడిచేది. పొద్దున్నే బరువు, బీపీ, రక్తపు చుక్క. ఎండబెట్టిన పొడి అన్నంలో కొలిచి పోసిన వేడినీళ్లు. మనిషికి రోజుకు ఇన్ని నీళ్లని లెక్క, ఒళ్లు తుడుచుకోవడం కూడా అందులోనే. సూటు తొడుక్కుంటే తప్ప బయటికి పోయేది లేదు. నెత్తిన గాజుకుండ లాంటి టోపీ, వీపున గాలి ఫ్యాను. ఆ వేషంలో గుట్టంతా తిరిగి రాళ్లు, మట్టి ఏరుకొచ్చేవాళ్లు. ఆ మట్టినే సాహిత్య కడిగి, జల్లించి, తొట్లలో పోసి గోంగూర మొలిపించింది. ఆకుపచ్చటి నాచు పెంచే గాజు తొట్టి ఒకటి ఆమె చేతికిందే ఉండేది. బయట ఉండే కంట్రోల్‌వాళ్లతో మాటంటే రాతే. రాసింది ఇరవై నిమిషాలకు చేరుతుంది, జవాబు మరో ఇరవై నిమిషాలకు వస్తుంది. నిజంగా అంగారకుడి మీదుంటే ఇంతే ఆలస్యమవుతుందట.

వీటన్నిటికంటే పెద్ద పరీక్ష ఆదివారం ఓటు. గాలి ముగ్గురికే సరిపోతుందనుకోండి, ఎవరిని వదిలేస్తారు? ప్రతి ఆదివారం నలుగురూ ఒక్కొక్క పేరు రాయాలి. ఎక్కువసార్లు వచ్చిన పేరువాళ్లు ఆ వారమంతా ‘లేనట్టు’. వాళ్లు కింద, గుట్టలోకి సగం పూడ్చిన సామాన్ల గదిలో ఒంటరిగా ఉండాలి. వాళ్లతో ఎవరూ మాట్లాడకూడదు, ముఖం చూడకూడదు. గది కప్పుకు ఉన్న ఇనుప మూత తెరిచి అన్నం గిన్నె దింపుతారు. అలా వదిలేసిన మనిషి మనసు ఏమవుతుందో, వదిలేసినవాళ్ల మనసు ఏమవుతుందో చూడటమే ఆ పరిశోధన.

మొదటి ఆదివారం మూడు చీట్లలో శ్రీశైలం పేరు వచ్చింది. రెండో ఆదివారమూ అంతే. అట్లా ఎనిమిది వారాలు.

మొదట్లో అతనికి నవ్వులాటగానే తోచింది. మూడో వారానికి నవ్వు పోయింది. టాయిలెట్టు పంపు ఆగితే మూతమీద మూడుసార్లు తట్టేవాళ్లు. అతను పైకొచ్చి, ముగ్గురి మధ్య మోకాళ్లమీద కూర్చుని మురికిలో చెయ్యిపెట్టి బాగుచేసి, మళ్లీ కిందికి దిగేవాడు. జయప్రకాశ్ అతని తలమీదుగా రాజ్యశ్రీతో కబుర్లు చెబుతూనే ఉండేవాడు. రూలు ప్రకారం శ్రీశైలం అక్కడ లేడు మరి. ఒకసారి చెయ్యి తెగి నెత్తురు కారుతుంటే రాజ్యశ్రీ దూది, కట్టుగుడ్డ నేలమీద పెట్టి, ముఖం పక్కకు తిప్పుకొని పోయింది.

సాహిత్య ఒక్కతే గిన్నె దించేటప్పుడు అన్నం కింద రెండు గోంగూర ఆకులు దాచి పంపేది. ఆరో వారంలో ఆమె మూత దగ్గర వంగి, రూలు తప్పి, మెల్లగా అన్నది.

“నేనూ మీ పేరే రాస్తున్నాను శ్రీశైలం గారూ. రాయకపోతే ఆ గది నాకొస్తుంది. నాకు భయం.”

ఆ ఆకులు పుల్లగా ఉన్నా నమిలి మింగాడు. ఆ రోజు నుంచి ఆమె మీద కోపం మొదలైంది. తనను మనిషిగా లెక్కచెయ్యనివాళ్లమీద రాని కోపం, లెక్కచేసి కూడా పేరు రాసినదానిమీద వచ్చింది.

అంతకుముందే, ఐదో వారంలో, కింది గదిలో అతనికి ఒక తేడా కనబడింది. నేల వెచ్చగా ఉంది. వెనక గోడమీద చెమటలాగా నీటిబొట్లు. కిరసనాయిలు మరకను ఎండబెడితే వచ్చే వాసన లాంటిది ఒకటి. శ్రీశైలానికి ఎవరూ చెప్పనక్కర్లేదు. మొండయ్య బతికున్నప్పుడు ఈ మాట ఎన్నిసార్లు చెప్పాడో. గుట్టలో కలిసిన బొగ్గుపొడికి లోపల్లోపలే ఉడుకు పుడుతుంది. ముందు చెమట పడుతుంది, తర్వాత వాసన వస్తుంది. ఆ తర్వాత వచ్చే గాలికి వాసన ఉండదు, అది పీల్చినవాడు నిద్ర లేవడు.

వెంటనే కంట్రోలుకు రాశాడు. నలభై నిమిషాలకు జవాబొచ్చింది. పై గదుల సెన్సార్లన్నీ సరిగానే ఉన్నాయి, ఒంటరితనంలో లేని వాసనలు తోచడం మామూలే, ఊపిరి వ్యాయామం చెయ్యండి అని. కింది గదిలో అసలు సెన్సారే లేదు. పంపు బాగుచెయ్యడానికి పైకి పోయినప్పుడు అతను రూలు తప్పి జయప్రకాశ్‌తో నోరు విప్పాడు.

“సార్, కింద బొగ్గు ఉడుకుతున్నది. మా నాయిన గనిల గిట్లనే చూసిండు. ఒక్కపాలి మీరొచ్చి నేల ముట్టి చూడున్రి.”

జయప్రకాశ్ రాజ్యశ్రీ వైపు తిరిగి, కింద పడుకోవడం ఇష్టం లేనివాళ్లకు కథలు బాగా వస్తాయండీ అన్నాడు. ఆమె నవ్వింది.

శ్రీశైలం మళ్లీ చెప్పలేదు. పాత గొట్టంలోంచి రబ్బరు ముక్క ఒకటి కోసి, మూత పూర్తిగా పడకుండా సందులో ఇరికించాడు. వేలు దూరేంత సందు. దానికింద తల పెట్టుకుని పడుకునేవాడు. పైగాలి సన్నగా ముఖానికి తగులుతుండేది. అట్లా నాలుగు వారాలు గడుపుకొచ్చాడు.

ఎనిమిదో వారం చివర్లో సాహిత్య తొట్టిలో నాచంతా చచ్చిపోయింది. ఏదో పురుగు చేరి రెండు రోజుల్లో పచ్చటి నీళ్లు గోధుమరంగుకు తిరిగాయి. ఆమె ఏడ్చింది. ఇక చెయ్యడానికి ఆమెకు పని లేదు. అదే సమయానికి గాలి శుభ్రం చేసే ఫ్యాను మొరాయించడం మొదలుపెట్టింది, దాని పక్కన మెకానిక్ ఎప్పుడూ ఉండాల్సి వచ్చింది. ఆదివారం పొద్దున జయప్రకాశ్ సామాను వెతుకుతున్నట్టు కిందికి దిగి, మొదటిసారి అతని ముఖంలోకి చూశాడు.

“ఇవాళ సాహిత్య పేరు రాయి. నేనూ అదే రాస్తా. నువ్వు పైనుండాలి.”

ఎనిమిది వారాల్లో కమాండరు అతనితో అన్న మొదటి మాటలవి. శ్రీశైలానికి కళ్లలో నీళ్లు తిరిగాయి. రాశాడు. మూడు చీట్లు సాహిత్యకు, ఒకటి శ్రీశైలానికి. ఆ ఒకటి ఆమె రాసిందే.

కింది గది ఖాళీ చేసేటప్పుడు దుప్పటి మడిచాడు, చొక్కాలు మడిచాడు. మూత సందులోని రబ్బరు ముక్క దగ్గర చెయ్యి ఒక్క క్షణం ఆగింది. అది వదిలిపోతే ఎందుకు పెట్టావని అడుగుతారు. గది మంచిది కాదంటే మూసేస్తారేమో. మూసేసి ఓటు మళ్లీ పెడితే తన పేరే వస్తుందేమో. ఎనిమిది వారాలు నేను పడ్డా కదా, నాకేమైంది అని కూడా అనుకున్నాడు. ముక్కను జేబులో వేసుకున్నాడు. నిచ్చెనమీద సాహిత్య ఎదురైంది. అతను రూలు పాటించాడు, ముఖం తిప్పుకున్నాడు.

ఆ మూడు రోజులు అతనికి పండుగలా గడిచాయి. ముగ్గురూ ఒక బల్ల దగ్గర తిన్నారు. రాజ్యశ్రీ అతన్ని పిల్లల గురించి అడిగింది. జయప్రకాశ్ పేకముక్కలు పంచాడు.

బుధవారం పొద్దున గిన్నె దించితే కింద తీసుకునే చెయ్యి రాలేదు. అలిగి ఉంటుంది, మాట్లాడించాలని చూస్తున్నది, ఎవరూ పలకొద్దు అన్నది రాజ్యశ్రీ. శ్రీశైలానికి ఏం జరిగిందో అప్పుడే తెలిసింది. తెలిసీ, మిగతా ఇద్దరూ తింటున్నారని, తానూ జావ చివరిదాకా తిన్నాడు. గిన్నె కడిగి బోర్లించాడు. ఆ తర్వాత లేచాడు.

మూత ఎత్తి దిగేసరికి ఆమె గోడవైపు తిరిగి పడుకుని ఉంది. బుగ్గలు ఎర్రగా, పెళ్లికూతురికి రంగు పూసినట్టు ఉన్నాయి. పిలిస్తే పలకలేదు. ఊపిరి ఉందో లేదో అన్నట్టుంది. ఊపిరి బిగబట్టి, భుజాన వేసుకుని నిచ్చెనెక్కి, తిన్నగా బయటి తలుపు దగ్గరికి నడిచాడు. జయప్రకాశ్ అడ్డం వచ్చాడు. కంట్రోలుకు రాస్తున్నా, నలభై నిమిషాలు ఆగు, సూటు లేకుండా తలుపు తీస్తే అరవై రోజుల పనంతా బూడిదవుతుంది అన్నాడు. శ్రీశైలం అతన్ని మోచేత్తో తోసి, ఇనుప కడ్డీతో గడియ విరగ్గొట్టాడు.

సాహిత్య బతికింది. ఖమ్మంలో పెద్ద దవాఖానాలో ఇరవై రెండు రోజులుంది. నడుస్తుంది, తింటుంది, చిన్నప్పటి సంగతులన్నీ చెబుతుంది. కాని ఆ నివాసంలో గడిపిన రోజులు గుర్తులేవు, కొత్తగా జరిగినదేదీ ఆమెలో నిలవదు. పొద్దున చెప్పిన మాట మధ్యాహ్నానికి ఉండదు. విషగాలి మెదడులో ఒక భాగాన్ని తినేసిందని డాక్టర్లు చెప్పారు.

విచారణ జరిగింది. దానికి ముందు రోజు సంస్థ పెద్దమనిషి ఒకడు శ్రీశైలం ఇంటికొచ్చి, మధులత ఇచ్చిన చాయ్ తాగి, నెమ్మదిగా చెప్పాడు. ఐదో వారంలో నువ్వు రాసిన సంగతి నువ్వు బయటపెడితే, తొమ్మిదో వారంలో ఎందుకు రాయలేదని మేం అడగాల్సి వస్తుంది అని. శ్రీశైలం విచారణలో ఐదో వారం ఊసెత్తలేదు. సంస్థ తొమ్మిదో వారం ఊసెత్తలేదు. పేపర్లో అతని ఫోటో వేసి, ప్రాణదాత అని రాశారు. కార్మిక సంఘంవాళ్లు శాలువా కప్పారు.

నాలుగు నెలల తర్వాత ఒక ఆదివారం సాహిత్య తల్లి పద్మావతమ్మ అతన్ని భోజనానికి పిలిపించింది. విస్తరి వేసి, తానే పక్కన కూర్చుని వడ్డించింది. నా బిడ్డను మోసుకొచ్చిన భుజం ఇదేనా బాబూ అని తాకి చూసింది. శ్రీశైలం చేతిలోని ముద్ద విస్తట్లో పెట్టేశాడు.

“అమ్మా, ఆ గది సంగతి నాకు ముందే ఎరుక. చెప్తే మల్ల ఓటు పెట్టి నన్నే పక్కకేస్తరని చెప్పలే. గాలొచ్చే సందుల రబ్బరు ముక్క పెట్టుకొని నేను బతికిన. ఆమె దిగేటప్పుడు అది కూడ తీసుకపోయిన.”

పద్మావతమ్మ గరిట గిన్నెలో పెట్టేసింది. పోయి ఆ మాట దానికి చెప్పు అన్నది.

సాహిత్య వరండాలో కూర్చుని పల్లీలు ఒలుస్తున్నది. అతను ఎదుట నిలబడి మొత్తం చెప్పాడు. ఆమె విన్నది. ముఖం తెల్లబోయింది. “ఒక్క మాట చెబితే సరిపోయేది కదండీ,” అన్నది. ఏడ్చింది.

వచ్చే ఆదివారం మళ్లీ రమ్మన్నది పద్మావతమ్మ. వెళ్లాడు. సాహిత్య అతన్ని కొత్తవాడిలా చూసి, చిరునవ్వుతో కుర్చీ చూపించింది. పద్మావతమ్మ గుమ్మంలో నిలబడి, చెప్పు అన్నది. అతను మళ్లీ చెప్పాడు. ఆమె మళ్లీ తెల్లబోయి, ఆ మాటే మళ్లీ అని, మళ్లీ ఏడ్చింది. మూడో ఆదివారమూ అంతే. అది శిక్ష అని అతనికి అర్థమైంది, తనకు తగిందే అనుకున్నాడు. కాని ప్రతిసారీ అది తనతోపాటు ఆ పిల్లకూ పడుతున్నది. నాలుగో ఆదివారం ఆమె పల్లీల గిన్నె ముందుకు జరిపి తీసుకోండి అన్నప్పుడు అతను రెండు పల్లీలు తీసుకుని, ఆ మాట చెప్పకుండానే లేచాడు. పద్మావతమ్మ అతన్ని గేటుదాకా తీసుకొచ్చింది.

“ఇంక రాకు. నువ్వు రాకపోతే దానికి నువ్వు లేవు. నీమీది కోపంతో దాన్ని ఏడిపించుకుంటున్నాను, నేనూ మంచిదాన్ని కాదు.”

అతను మళ్లీ ఆ ఇంటికి పోలేదు. సంస్థ మరుసటి ఏడు మరో చోట కొత్త నివాసం కట్టింది. అన్ని గదుల్లో సెన్సార్లు పెట్టారు. ఓటు మాత్రం తియ్యలేదు. మొదటిసారి దానివల్ల మంచి సమాచారం దొరికిందని వాళ్ల నివేదికలో ఉంది.

వానాకాలంలో ఒకసారి సత్తుపల్లిలో బట్టల దుకాణం మెట్లమీద తల్లీకూతుళ్లు అతనికి ఎదురయ్యారు. పద్మావతమ్మ ముఖం తిప్పుకున్నది. సాహిత్య తన గొడుగు ముడిచి పక్కకు జరిగి, దారి ఇచ్చి, వెళ్లండి అన్నది మర్యాదగా. శ్రీశైలం తలవంచుకుని ఆమె పక్కనుంచి లోపలికి పోయాడు. మధులతకు చీర కొనాలని వచ్చాడు. సేల్స్‌మాన్ ఏ రంగు చూపించమంటారని అడిగితే, ఎరుపు తప్ప ఏదైనా చూపించమన్నాడు.