గురువుగారి కాళ్ల దగ్గర చెప్పులు

గడప ముందు మనవరాలు విడిచిన చిన్న చెప్పులు చూసినప్పుడల్లా నాకు ఒమాన్ ఎండ గుర్తొస్తుంది.

డెబ్బైల్లో నాన్న అక్కడ ఖబూరాలో కరెంటు పని చేసేవాడు. ఒక శుక్రవారం కంపెనీ డ్రైవర్, కడప ఖాదర్ చాచా, మమ్మల్ని సొహార్ చూపించడానికి తీసుకెళ్లాడు. ఊరి బయట బండి వేడెక్కి ఆగింది. పక్కనే ఇసుకలో పాత సమాధులు.

"ఈ పెద్దది ఎవరిది చాచా?"

"యూదుల గురువుదంట బేటీ. ఒకప్పుడు ఈడ వాళ్లుండేవాళ్లు. కాళ్లు యెరూషలేం దిక్కుకు పెట్టి పూడ్చినారు. వాళ్లను కాపాడేకి మెస్సయ్య వచ్చి పిలిస్తే, లేచి నేరుగా నడిచిపోవాలని."

నా కాళ్ల కింద ఒక మనిషి పడుకుని, పిలుపు కోసం చెవి ఒగ్గి వింటున్నాడు! గట్టిగా ఊపిరి తీయడానికి కూడా భయమేసింది.

మరి అంత దూరం ఈ కాలే ఇసుకలో ఉత్తకాళ్లతో ఎలా నడుస్తాడు? నా చెప్పులు విప్పి ఆయన కాళ్ల దగ్గర పెట్టాను, గుడి ముందు విడిచినట్టు సమాధివైపు తిప్పి. అవి ఆరేళ్ల పిల్లవని నాకు తోచనే లేదు.

"కొత్త చెప్పులేవే?" అని అమ్మ కేకేసింది. వేలెత్తి చూపించాను.

తేవడానికి వెళ్లిన చాచా వంగాడు. చెప్పులు తీయలేదు. యెరూషలేం వైపు తిప్పి పెట్టి, నన్నెత్తుకున్నాడు.

"లేచినాయన తొడుక్కునేకి ఇట్లుండాల బేటీ."

ఇప్పటికీ మనవరాలి చెప్పులు ఇంటివైపు చూస్తూ కనిపిస్తే, వంగి వాటిని వీధివైపు తిప్పుతాను.