పదో రోజు కుక్క

నాకు మనుషుల మీద నమ్మకం తక్కువ. పాలవాడు క్యాను దించితే మూత తీసి వాసన చూసే రకం. ఎనభైల చివర్లో నాచారంలో అద్దెకున్నప్పుడు, ఇంటి ఓనరు పెంచుకునే గోధుమరంగు కుక్క మా ఆరేళ్ల పాపను పిక్క మీద కరిచింది. దానికి టీకా వేయించారా అని అడిగితే, ఇంటి కుక్కకు సూదెందుకని ఆయన నవ్వాడు. వాళ్లావిడ గాయానికి రాయమని సున్నం తెచ్చింది. నేను వద్దని, కుళాయి కింద సబ్బుతో చాలాసేపు కడిగి పాపను ఆసుపత్రికి తీసుకెళ్లాను.

అప్పట్లో బొడ్డు చుట్టూ రోజుకొకటి చొప్పున పద్నాలుగు సూదులు. కుక్కను కట్టేసి పది రోజులు చూడమన్నారు డాక్టరు. అది బాగుంటే మిగతావి ఆపేయొచ్చట.

ఇక మొదలైంది నా కాపలా. రోజూ ఉప్పల్‌లో ఆఫీసుకు వెళ్లే ముందు ఓనరు పెరట్లో దూరి దాని నోరు, నడక, తిండి చూసేవాణ్ణి. ఆయన ముఖం కూడా చూసేవాణ్ణి. నన్ను చూస్తే గుర్రుమనే కుక్క నాలుగో రోజు తోకాడించింది. కట్టేస్తే బుద్ధొచ్చిందన్నాడు ఓనరు. నాకది మింగుడుపడలేదు.

పదో రోజుకు కుక్క నిక్షేపంగా ఉంది. సూది మాటెత్తితే పాప మంచం కింద దాక్కుంటోంది. ఇక ఆపేద్దాం, మీ అనుమానానికి పిల్ల బలైపోతోందని మా ఆవిడ ఏడ్చింది. నాకూ ఆపాలనే ఉంది. అయినా పాపను ఎత్తుకుని ఓనరు దగ్గరికి వెళ్లాను.

"పాప తల మీద చెయ్యి పెట్టి, కరిచింది ఈ కుక్కేనని చెప్పండి."

ఆయన చెయ్యెత్తాడు. మధ్యలోనే ఆపేశాడు.

"గా కుక్క మూడో దినమే తాడు తెంపుకొని పోయింది సార్. దొంగను సూసినట్టు మీరు రోజు సూస్తుంటే చెప్పనీకి భయమైంది. బోడుప్పల్ల మా బామ్మర్ది ఇంట్ల దాని తోడబుట్టింది ఉంటే తెచ్చి కట్టిన."

ఒళ్లు మండిపోయింది. కొట్టేవాణ్ణే. అప్పుడు కనిపించాయి, ఎత్తిన ఆ అరచేతి పక్కన రెండు పంటిగాట్లు, వాటి మీద ఎండిన సున్నం. పాత కుక్కను కట్టేసేటప్పుడు కరిచిందట. పది రోజులూ ఆయన ముఖమే చూశాను, చెయ్యి చూడలేదు.

"నాకు గూడ సూదులు గావాల్నా సార్?" అన్నాడు.

దారి పొడవునా తిడుతూనే ఇద్దర్నీ స్కూటరు మీద తీసుకెళ్లాను. ఆసుపత్రి వరుసలో మా పాప వెనకే, చొక్కా పైకి పట్టుకుని నిలబడ్డాడు.