గుడారానికి వేలాడిన మగ్గు

ఆ గురకకు సరస్సు అవతలి ఒడ్డున దుప్పులు లేచి నిలబడేవని బెర్గ్‌దాల్ ఊళ్లో చెప్పుకుంటారు. ఒక ఏడాదైతే మగదుప్పి ఒకటి తన తోడు పిలుస్తోందనుకుని అడవి దాటి గుడారం దాకా వచ్చిందట. బయట విప్పిన బూట్లని వాసన చూసి, ఎంతో నిరాశపడి, వచ్చిన దారినే పోయిందట. ఇందులో బూట్ల సంగతి మాత్రం నిజం.

ఆ గురక మంగలి ఆర్డెల్‌దని ఊరంతా నమ్మింది. అది తనదేనని వెర్నన్ హౌగెన్‌కి తెలుసు. ఆర్డెల్‌కి కూడా తెలుసు.

వెర్నన్ పడవల ఇంజన్లు బాగుచేసేవాడు. ఏటా వేసవిలో చర్చి కుర్రాళ్లని ఉత్తరాన అడవిలోకి తీసుకెళ్లే పెద్దల్లో అతనొకడు. ఆఖరి రాత్రి చలిమంట దగ్గర కూర్చుని, మాట మీద నిలబడటం గురించి అతను మాట్లాడుతుంటే, అల్లరి వెధవలు కూడా నోట్లో మిఠాయి నమలడం ఆపి వినేవారు.

అక్కడ పడకల పద్ధతి ఒకటుంది. పిల్లల గుడారాలు ఒక పక్క, పెద్దలవి మరో పక్క. పిలిస్తే వినపడేంత దగ్గర, గుసగుసలు వినపడనంత దూరం. పెద్దవాళ్లు పిల్లల గుడారంలో కాలు పెట్టరు. రాత్రి కడుపునొప్పి వచ్చినా, భయం వేసినా పిల్లలు ఇద్దరేసి కలిసొచ్చి, బయటే నిలబడి పేరుపెట్టి పిలవాలి. ఏ గుడారం ఎవరిదో తెలియడానికి ప్రతి పెద్దా తన రేకు మగ్గుని గుమ్మం తాడుకి వేలాడదీస్తాడు. వెర్నన్‌ది ఎరుపు, ఆర్డెల్‌ది తెలుపు. ఇద్దరూ ఒకే గుడారంలో పడుకునేవారు కాబట్టి ఆ రెండు మగ్గులూ పక్కపక్కనే వేలాడి గాలికి టింగుటింగుమనేవి.

చాలా ఏళ్ల కిందట, వెర్నన్ కొత్తగా వచ్చిన వేసవిలో, మొదటి పొద్దున పాన్‌కేకులు వేస్తుంటే ఒక కుర్రాడు అడిగాడు. "రాత్రంతా ఆ రంపం కోసిందెవరండీ?"

వెర్నన్ చేతిలో గరిటె ఉంది. ఆ గరిటెతో ఆర్డెల్ వైపు చూపించాడు. అంతే. నోటితో ఒక్క మాట కూడా అనలేదు.

ఆర్డెల్ నోరు తెరిచాడు. వెర్నన్ మొహం చూశాడు. తెరిచిన నోట్లో పాన్‌కేకు ముక్క పెట్టుకుని, "నిద్రలో మనకేం తెలుస్తుంది?" అన్నాడు.

అప్పటినుంచి ప్రతి ఏడూ ఆఖరి పొద్దున పిల్లలు ఒక చిన్న బిర్చి చెట్టు దుంగకి రిబ్బను కట్టి ఆర్డెల్‌కి బహుమతిగా ఇచ్చేవారు. ఏడాది పొడుగునా అది అతని దుకాణంలో అద్దం పక్కన ఉండేది. మళ్లీ వేసవికి వెంట తెచ్చేవాడు. క్షవరానికి వచ్చిన ప్రతివాడూ దాన్ని తట్టి, "ఏం ఆర్డెల్, రాత్రి ఎన్ని చెట్లు పడగొట్టావ్?" అనేవాడు. కుర్చీలో వెర్నన్ ఉన్నప్పుడు కూడా అనేవారు. వెర్నన్ కూడా నవ్వేవాడు. ఆర్డెల్ కత్తెర మాత్రం ఆగేది కాదు.

ఈ వేసవి చర్చి వాళ్లు కొత్త నియమం పెట్టారు. పెద్దలు ఎవరి గుడారంలో వాళ్లే పడుకోవాలి. ఇక గురక ఎవరిదో దాగదని, ఆ మాట విన్న రోజునుంచే వెర్నన్‌కి అన్నం సయించలేదు.

అడవికి వెళ్లిన సాయంత్రం వంట చూసే మార్లిస్‌తో కలిసి బంగాళాదుంపల చెక్కు తీస్తున్నాడు. మార్లిస్ పోస్టాఫీసులో పనిచేసేది. భర్త పోయి ఐదేళ్లయింది.

"ఆర్డెల్ నన్ను శుక్రవారం చేపల విందుకి రమ్మన్నాడు, తెలుసా?" అందామె.

"వెళ్లొచ్చుగా. బంగారంలాంటి మనిషి."

"మనిషి బంగారమే. కానీ నా మొగుడితో ఇరవై రెండేళ్లు ఆ రంపం కింద పడుకున్నాను వెర్నన్. పోయినవాణ్ని అనకూడదుగానీ, మళ్లీ దానికోసం మెడ చాపలేను. విందంటే ఒక్క విందుతో ఆగుతుందా మన ఊళ్లో?"

వెర్నన్ చేతిలో దుంప చెక్కు తీయగా తీయగా గోళీకాయంత మిగిలింది.

"దాన్నేం చేస్తున్నావ్, అరగదీస్తున్నావా?" అని లాక్కుందామె.

ఆ రాత్రి వెర్నన్ కళ్లు మూయలేదు. ఆ ఊరి పద్ధతిలో గుడ్డు కొట్టి కాచిన కాఫీ కుండెడు తాగి, గుడారంలో నిటారుగా కూర్చున్నాడు. తెల్లారి పిల్లలు ఆర్డెల్ చుట్టూ మూగారు.

"ఆర్డెల్ గారూ, రంపం ఇంట్లో మర్చిపోయారా?"

"పళ్లు అరిగిపోయాయిరా, సానకిచ్చాను."

మార్లిస్ ఆర్డెల్ పళ్లెంలో అడక్కుండానే ఇంకో పాన్‌కేకు వేసింది. వెర్నన్ అది చూశాడు. ఒకటి రెండు రాత్రులు మేలుకుంటే చాలు, మిత్రుడి బతుకు దారిన పడుతుంది. కానీ అతని బుర్రలో తిరిగింది అది కాదు. ఇవాళ కూడా మేలుకోగలనా, నా పేరు నిలబడుతుందా అన్నదే తిరిగింది.

మేలుకోలేకపోయాడు. మర్నాడు తెల్లారి బయటికొచ్చేసరికి తన గుడారం గుమ్మానికి తెల్ల మగ్గు వేలాడుతోంది. పక్క గుడారానికి ఎర్రది.

ఆర్డెల్ చేతిపంపు దగ్గర మొహం కడుగుతున్నాడు.

"మగ్గులు నువ్వే మార్చావా?"

"నువ్వు గురక మొదలెట్టగానే మార్చాను. పిల్లలు లాంతరు పట్టుకుని చూడ్డానికొస్తారని తెలుసు. వచ్చారు కూడా."

"ఎందుకురా?"

"మంట దగ్గర మాట్లాడాల్సింది నువ్వు కదా. నేను మాట్లాడితే వాళ్లు నవ్వుతారు. నువ్వు మాట్లాడితే వింటారు. వాళ్లకి ఒకడైనా అలాంటివాడు ఉండాలిగా."

"మరి మార్లిస్?"

ఆర్డెల్ చెవులు ఎర్రబడ్డాయి. "ఆ సంగతి నీకెవరు చెప్పారు? పోనీలే. నాకు అలవాటేగా."

వెర్నన్‌కి గుండెమీంచి బరువు దిగినట్టయింది. ఆ క్షణంలో నిజంగానే హాయిగా అనిపించింది. తర్వాత అతను అన్నిటికన్నా ఎక్కువ సిగ్గుపడింది ఆ హాయికే.

పాన్‌కేకుల దగ్గర పిల్లలు ఆఖరి రోజు దాకా ఆగలేకపోయారు. దుంగ పట్టుకుని ఊరేగింపుగా వచ్చారు. "మళ్లీ ఆర్డెల్ గారే! మగ్గు మేం కళ్లారా చూశాం!" మార్లిస్ పెనం వైపు తిరిగింది. ఈసారి ఆర్డెల్ పళ్లెంలో ఒక్కటే పాన్‌కేకు.

ఆ ఒక్కదాన్నీ చూసి వెర్నన్ లేచి నిలబడ్డాడు.

"ఆ గుడారంలో పడుకుంది నేను. గురక నాది. మొదటి ఏడాదినుంచీ నాదే."

పెద్ద నవ్వు లేచింది.

"చూశారా, స్నేహితుణ్ని ఎలా కాపాడుతున్నారో!" అని కోల్బీ అనే కుర్రాడు చప్పట్లు కొట్టాడు. మిగతావాళ్లు కూడా కొట్టారు. వెర్నన్ ఎంత కాదంటే అంత గట్టిగా కొట్టారు. అన్నేళ్లుగా నిజం గురించి అంత బాగా చెప్పిన మనిషి, ఇప్పుడు నిజం చెప్తే నమ్మేవాడు లేడు. ఆర్డెల్ తల వంచుకుని పళ్లెంలోకి చూస్తున్నాడు.

"అయితే మధ్యాహ్నం చూద్దురుగాని," అన్నాడు వెర్నన్.

భోజనాలయ్యాక అందరూ విశ్రాంతి తీసుకునే వేళ, అందరి ఎదుటా బల్లమీద వెల్లకిలా పడుకున్నాడు. పిల్లలు తమాషా చూడటానికి చుట్టూ చేరారు. మొదటి రాత్రి జాగారం ఇంకా ఒంట్లోనే ఉంది. ఎప్పుడు పట్టిందో తెలియదు నిద్ర.

మెలకువ వచ్చేసరికి చుట్టూ ఎవరూ లేరు. పిల్లలు నీటి ఒడ్డున గులకరాళ్లు విసురుకుంటున్నారు. ఒక్కడూ నవ్వడం లేదు. తల పక్కన దుంగ ఉంది. రిబ్బను ఎవరో విప్పేశారు. మార్లిస్ ఎదురుగా కూర్చుని బఠాణీలు ఒలుస్తోంది.

"నీది దుప్పి గురక కాదు వెర్నన్, రైలు," అంది తలెత్తకుండా. "గురక ఎవరికైనా వస్తుంది. నువ్వు దాన్ని పక్కవాడి మీద పారేశావు. నాతో దుంపలు చెక్కుతూ కూడా నోరు విప్పలేదు."

"అవును."

ఆర్డెల్ అటుగా వచ్చి, "పోనీ మార్లిస్, నేను కూడా..." అన్నాడు.

"నువ్వు కూడా నోరు మూసుకో! ఆ మగ్గు మీ ఆటవస్తువనుకున్నారా? రాత్రి ఏ పసివాడికో ఒంట్లో బాగోలేక, మగ్గు చూసి ఒకరనుకుని ఇంకొకర్ని పిలిస్తే? పిల్లలు నమ్మేది దాన్నే. ఇద్దరు ముసలాళ్లు, ఒక్కడికీ బుద్ధి లేదు." బఠాణీల గిన్నె తీసుకుని వెళ్లిపోయింది.

వెర్నన్ తెల్ల మగ్గు తీసి ఆర్డెల్ గుమ్మానికి కట్టి, తన ఎర్రది తెచ్చుకున్నాడు. తన గుడారం పీకి కట్టెల గుట్ట వెనక్కి మార్చుకున్నాడు. ఆఖరి రాత్రి చలిమంట దగ్గర మాట్లాడమని అతన్ని ఎవరూ అడగలేదు. పిల్లలు చేపల గురించి మాట్లాడుకున్నారు.

ఈసారి దుంగ వెర్నన్ ఇంటికొచ్చింది. ఏళ్ల తరబడి రెండు తలుపుల అవతల వేరే గదిలో పడుకుంటున్న అతని భార్య లోయిస్, వెన్న గిన్నె పక్కకి జరిపి బల్లమీద దానికి చోటిచ్చింది. "నువ్వెప్పుడు చెప్తావా అని చూశాను," అంది.

వెర్నన్ క్షవరానికి పోలేదు. జుట్టు కాలరు దాటింది. ఇంజన్ మీదికి వంగితే కళ్లలో పడేది. మొదటి మంచు కురిసిన వారం, ఇక తప్పక వెళ్లాడు.

అద్దం పక్కన దుంగ ఉన్నచోట చెక్కమీద గుండ్రంగా తెల్లటి మచ్చ మిగిలింది. ఆ పక్కన మేకుకి తెల్ల మగ్గు. దానికి ఆనుకుని నీలం మగ్గు ఒకటి. అది మార్లిస్‌ది. దాని అంచున కాఫీ మరక ఇంకా తడిగానే ఉంది.

"ఎలుగుబంటిలా తయారయ్యావ్," అంటూ ఆర్డెల్ మెడచుట్టూ గుడ్డ బిగించాడు. ఆ వేసవి మాట ఎత్తలేదు. కత్తెర తీసి, "తల వంచు," అన్నాడు.

వెర్నన్ వంచాడు. అద్దంలోకి చూసే పని తప్పినందుకు, గడ్డం ఛాతీకి ఆనేదాకా వంచాడు.