గంగ మలుపులో పెద్దమ్మ

మొన్న ఆదివారం పొద్దున మా నోయిడా అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూపులో ఎవరో ఒక ఫోటో పెట్టారు. చుట్టూ అడవి, మధ్యలో కొడవలిలా వంగిన గంగ, ఇవతల తెల్లటి ఇసుక. హస్తినాపురం దగ్గరట, చాలా ప్రశాంతమైన చోటట, వచ్చే వారం అందరం పిక్నిక్‌కి వెళదామా అని కింద ప్రశ్న. మామూలుగా ఆ గ్రూపులో లిఫ్టు, కుక్కలు, పార్కింగు తప్ప వేరే సాహిత్యం ఉండదు. అందుకని జనం ఉత్సాహపడ్డారు. బొటనవేళ్ళు, దండాలు, గులాబీలు వరసగా వచ్చాయి. నేను మాత్రం కాఫీ కప్పు కింద పెట్టి, కాళ్ళు రెండూ కుర్చీ మీదికి లాక్కున్నాను. ఐదో అంతస్తులోకి మొసళ్ళు రావని నాకు తెలుసు. కాళ్ళకి తెలియదు.

ఆ మలుపుకి నేను వెళ్ళాను. కొన్నేళ్ళ కిందట ఒక కార్తీకమాసంలో, మా పెద్దమ్మని వెంటబెట్టుకుని. అమ్మకి సొంత అక్క. రాజమండ్రి మనిషి, గోదావరిని పెరట్లో కుళాయిలా వాడుకుంటూ పెరిగింది. ఆ ఏడు మా ఇంట్లో నెల్లాళ్ళు ఉందామని వచ్చింది. మొదటి వారం కిటికీలోంచి పొగ చూసి "ఇక్కడ రోజూ ఎవరింట్లోరా హోమం?" అని అడిగింది. రెండో వారం గంగాస్నానం మాట ఎత్తింది. హరిద్వార్ వెళదామన్నాను. అది ఎప్పుడో యాత్రా బస్సులో వెళ్ళి చూసేసిందట. "అక్కడ జనంలో మునిగినట్టుంటుంది గానీ గంగలో మునిగినట్టుండదు. మనుషుల్లేని గంగ ఎక్కడైనా ఉంటే చూడు" అంది. ఆఫీసులో పక్క సీటతను ఈ మలుపు ఫోటో చూపించాడు. అందులో ఒక్క మనిషి లేడు. అంత అందమైన చోట మనుషులెందుకు లేరన్న ప్రశ్న నాకు తట్టలేదు. ఢిల్లీ చుట్టుపక్కల బతికేవాడికి మనుషులు లేకపోవడమే అందం. కారణాలు అడగడు.

పెద్దమ్మ స్నానం గురించి ఇక్కడ కాస్త చెప్పాలి. మావాళ్ళు పుణ్యనదిలో దిగితే తమ కోసం మునిగి ఊరుకోరు. రాలేని వాళ్ళ పేరు చెప్పి, వాళ్ళ తరఫున ఒక్కో మునక వేస్తారు. ఇంట్లో కూర్చున్నవాళ్ళకి పుణ్యం, మునిగినవాళ్ళకి పడిశం. ఈ విషయంలో పెద్దమ్మది పెద్ద చెయ్యి. చుట్టాలు సరే, తన పళ్ళసెట్టు సరిగ్గా కుదిర్చిన డాక్టరుకీ, మేడమీద అద్దెకున్న బ్యాంకు అమ్మాయికీ కూడా మునిగేది. మినహాయింపు మా అమ్మ ఒక్కర్తే. మా తమ్ముడి పెళ్ళిలో ఎవరో తొందరలో పెద్దమ్మని రెండో పంక్తిలో కూర్చోబెట్టారు. సొంత అక్కకి మొదటి పంక్తిలో విస్తరి వేయించలేని మనిషితో మాటలేమిటని పెద్దమ్మ వడియాలు వడ్డించకముందే లేచి వెళ్ళిపోయింది. అప్పట్నించి మాటల్లేవు. ఇద్దరి ఇళ్ళూ రాజమండ్రిలోనే, నడుమ రెండు వీధులు. కబుర్లు మాత్రం నోయిడా మీదుగా వెళ్ళేవి. పెద్దమ్మ "మీ అమ్మ" అనేది, అమ్మ "మీ పెద్దమ్మ" అనేది. వాళ్ళిద్దరూ ఒక తల్లి పిల్లలన్న సంగతి నా ఒక్కడికే గుర్తున్నట్టుండేది. బయల్దేరే ముందు, అమ్మ పేరున కూడా ఒకటి వెయ్యమని నసిగాను. "మీ అమ్మకి ఇంటి పక్కన గోదావరి లేదా?" అని కారెక్కి కూర్చుంది.

మా ఆవిడకి ఆఫీసు పని పడటంతో పెద్దమ్మ, నేను, అద్దె కారు డ్రైవరు ముగ్గురమే వెళ్ళాం. మీరట్ దాటాక రెండు పక్కలా చెరుకు తోటలు, బెల్లం వండుతున్న వాసన. పెద్దమ్మ అనకాపల్లిని తలుచుకుని ఆనందించింది. కాసేపటికి తారు రోడ్డు మట్టి రోడ్డయింది, మట్టి రోడ్డు ఆలోచనలో పడింది. అడవి మొదలయ్యేచోట ఒక బోర్డు ఉంది. 'సావధాన్' అని హిందీలో పెద్ద అక్షరాలు. దేని విషయంలో జాగ్రత్తగా ఉండాలో కింద రాసే ఉంటారు గానీ, దాన్ని తీగ అల్లుకుపోయింది. అదేమిటని డ్రైవర్ని అడిగాను. "జంగల్ హై సర్, కుఛ్ తో లిఖేంగే" అన్నాడు, అడవన్నాక ఏదో ఒకటి రాయరా అన్న ధోరణిలో. నాకూ సబబుగానే తోచింది.

కారు ఆపి, మనిషెత్తు రెల్లులోంచి నడిచి ఇసుక మీదికి వచ్చాం. ఫోటో అబద్ధం చెప్పలేదు. గంగ అడవిని ఒరుసుకుంటూ వచ్చి, ఇంట్లో ఏదో మర్చిపోయినట్టు అక్కడ వెనక్కి తిరిగింది. అవతలి ఒడ్డున చెట్లు నీళ్ళలోకి తొంగిచూస్తున్నాయి. ఎండ వచ్చినా నీళ్ళ మీద మంచు ఇంకా లేవలేదు. చప్పుడు లేదు. నాకు తెలిసిన నిశ్శబ్దం కరెంటు పోయినప్పటిది. ఇది అలా లేదు, పక్కన ఎవరో ఊపిరి బిగబట్టినట్టుంది. నది మధ్యలో చిన్న ఇసుకదిబ్బ, దాని మీద ఎక్కడో కొట్టుకొచ్చిన పొడుగాటి దుంగ. పెద్దమ్మ చెంగు బిగించి, పసుపు కుంకుమ గంగకి ఇచ్చి, నడుంలోతుకి వెళ్ళింది. నేను తువ్వాలు పట్టుకుని ఒడ్డున నిలబడ్డాను. నాకు ఈత రాదు. గోదావరి ఒడ్డున పుట్టి ఈత నేర్వకపోవడం కూడా ఒక సాధనే.

తనకీ, పోయిన పెదనాన్నకీ మునిగాక చుట్టాల వంతు వచ్చింది. "కాకినాడ మరిదిగారి పేరున" అని ఒక మునక. "తుని ఆడపడుచు పేరున. అది నా పేరున ఎన్నడూ మునగలేదు, అయినా సరే" అని ఇంకొకటి. నేను నవ్వుకుంటున్నాను. అప్పుడు డ్రైవరు నా వెనక నించుని గుసగుసగా అడిగాడు.

"సర్, వో లకడీ కహాఁ గయీ?"

దిబ్బ మీద దుంగ లేదు. అది ఉన్నచోటి నుంచి నీళ్ళలోకి తడి చార ఒకటి ఉంది. "మగర్‌మచ్ఛ్" అన్నాడు డ్రైవరు. అని, కారు తాళం వేశానో లేదో చూసొస్తానని వెళ్ళిపోయాడు.

భయమంటే గుండె కొట్టుకోవడమనుకునేవాణ్ణి. నా గుండె అసలు ఉన్నట్టే లేదు. మొసలని అరిస్తే పెద్దమ్మ బెదిరి జారుతుంది, కింద బురద. అరవకపోతే, ఆ పైన ఆలోచన సాగలేదు.

"పెద్దమ్మా, చాలు, వచ్చెయ్. అక్కడ లోతట."

"లోతుండక పలచగా ఉంటుందేంట్రా గంగ? ఉండు, విజయవాడ వాళ్ళు మిగిలారు."

నీళ్ళ మీద ఎండుటాకుల్లా రెండు బుడిపెలు లేచాయి. ప్రవాహానికి అడ్డంగా కదులుతున్నాయి. ప్రవాహానికి అడ్డంగా పోయే ఆకులు ఉండవని నేను చదువుకున్న చదువు అప్పుడు గుర్తు చేసింది. తర్వాత ఏం చెయ్యాలో మాత్రం చెప్పలేదు. బూట్లతోనే దిగాను. ఒక్కో అడుగుకి బురద కాలు పట్టుకుని ఆలోచించి వదులుతోంది. పెద్దమ్మ చెయ్యి దొరకబుచ్చుకున్నాను.

"పళ్ళ డాక్టరున్నాడ్రా ఇంకా."

"ఆయన ప్రాక్టీసు బానే ఉంది పెద్దమ్మా. పద."

నా మొహంలోకి ఒకసారి చూసి నడిచింది. బుడిపెలు మళ్ళీ కనబడలేదు. కనబడకపోవడం ఇంకా అన్యాయంగా ఉంది. మోకాలిలోతుకి వచ్చాం. ఒడ్డు నాలుగడుగుల్లో ఉంది. అక్కడ పెద్దమ్మ ఆగింది. వెనక్కి తిరిగి నదిని చూసి, నా చేతిలోంచి చెయ్యి లాగేసుకుంది.

"ఒకటి ఉండిపోయింది" అని మళ్ళీ నడుంలోతుకి వెళ్ళింది. నేను చెయ్యి చాచేలోపే దాటిపోయింది. "మా చెల్లి పేరున" అని గట్టిగా, అవతలి ఒడ్డుకి కూడా వినబడేట్టు చెప్పి మునిగింది. చివరికి నెరిసిన ముడి కూడా నీళ్ళలోకి పోయింది. పైన నీళ్ళు కలుసుకుని, అక్కడ ఎవరూ ఎప్పుడూ లేనట్టు నున్నగా అయిపోయాయి. ఆ మునక ఎంతసేపో నాకు తెలియదు. అందులో నేను మా అమ్మకి ఫోన్ చేసి ఈ వార్త చెప్పడం, చెప్పలేకపోవడం రెండూ అయ్యాయి.

లేచింది. ముక్కు చీదుకుంది. తీరిగ్గా నడిచొచ్చి నా భుజం మీది తువ్వాలు తీసుకుంది. ఒడ్డుకి చేరాక ఇసుకలో కూలబడి చెప్పాను.

"నీళ్ళలో మొసలి ఉంది పెద్దమ్మా."

"తుని ఆడపడుచు మునక దగ్గరే చూశాన్లే. చెబితే హడలి నీళ్ళలో పడతావని ఊరుకున్నా. నీకు ఈత రాదుగా."

"మరి మళ్ళీ ఎందుకు వెళ్ళావు?"

తల తుడుచుకుంది. "దాన్ని చూశాకే తోచిందిరా. ఇది పట్టుకుపోతే చెల్లి పేరు చెప్పకుండానే పోతాను కదా అని." తువ్వాలు పిండి నా చేతిలో పెట్టింది. "మీ అమ్మతో అనకు. నెత్తికెక్కి కూర్చుంటుంది."

ఆ నదిలో చేపలు తప్ప ఏమీ ముట్టని ఘరియాల్ అనే జాతి ఉంటుందనీ, మామూలు మొసళ్ళు కూడా ఉంటాయనీ, మూతి చూసి తేడా పట్టవచ్చనీ తర్వాత చదివాను. మూతి చూసే అవకాశం రానందుకు నాకేమీ లోటుగా లేదు.

ఆ సాయంత్రం అమ్మకి ఫోన్ చేసి మొసలి మినహా అంతా చెప్పాను. అవతల టీవీ మోత ఆగింది. తర్వాత అడిగింది.

"తల పూర్తిగా మునిగిందా, పైపైన తడిపిందా?"

"పూర్తిగా మునిగిందమ్మా."

"అక్కకి చన్నీళ్ళు పడవు. జలుబు చేస్తుంది. మీ ఆవిడతో మిరియాల పాలు ఇప్పించు" అని పెట్టేసింది. ఆ పెళ్ళి తర్వాత అమ్మ నోట 'అక్క' అన్న మాట వినడం అదే మొదటిసారి. ఆ తర్వాత కబుర్లు నా మీదుగా రావడం మానేశాయి. ఉద్యోగం పోయినట్టయింది.

వాట్సాప్ గ్రూపులో నా అభిప్రాయం అడిగితే, చోటు బాగుంటుంది, నీళ్ళ జోలికి వెళ్ళకండి అని రాశాను. ఎవరో దానికీ గులాబీ పెట్టారు. ప్రతి వానాకాలం గంగ అక్కడ ఇసుకని అటూ ఇటూ జరుపుతుందట. మేం నిలబడ్డ ఒడ్డు ఈపాటికి నీళ్ళలో ఉందో, రెల్లులో ఉందో. పెద్దమ్మ పోయింది. తమ్ముడి దగ్గరున్న అమ్మకి ఇప్పుడు చాలా సంగతులు గుర్తుండవు. రెండో పంక్తి గొడవ కదిపి చూస్తే, ఏ పెళ్ళి అంటుంది. కానీ చలికాలంలో ఫోన్ చేసినప్పుడల్లా "అక్కకి జలుబు తగ్గిందా?" అని అడుగుతుంది. తగ్గిందనే చెబుతున్నాను. కాలం అమ్మ దగ్గర్నుంచి ఏవేవో పట్టుకుపోతోంది గానీ, ముందు ఆ పంక్తిని తీసుకుపోయి ఈ జలుబుని ఇంకా ముట్టుకోకపోవడం చూస్తే, దానికీ కాస్త మర్యాద తెలిసినట్టే ఉంది.