వెర్నా మూసిన గేటు

వెర్నా పాస్కో ముప్పై ఏళ్లు స్కూలు బస్సు నడిపింది. ఆ బస్సెక్కిన పిల్లలకి ఇప్పుడు పిల్లలున్నారు. అయినా ఆవిడ కళ్లెర్రజేస్తే ఇవాళ్టికీ చేతులు కట్టుకుని నిలబడతారు. రిటైరయ్యాక ఊరికే కూర్చుంటే ఏం బావుంటుందని, పాత రైలు కట్టని నెత్తికెత్తుకుంది. ఒకప్పుడు ఆ కట్ట మీద పాల రైలు నడిచేది. పట్టాలు పీకేశాక ఊరివాళ్లే దాన్ని చదును చేసి, నడిచేవాళ్లకీ సైకిళ్లకీ బాట వేశారు. కొర్రాంగ్ నుంచి బిర్రడేల్ దాకా ఇరవై రెండు కిలోమీటర్లు. గురువారం గురువారం ఎనిమిది మంది ముసలివాళ్లు వెళ్లి ముళ్ల పొదలు నరికి, కాలవలు పూడిక తీసి, వంతెన మీద పుచ్చిన చెక్కలు మార్చి వస్తారు. వెర్నాకి మాత్రం వారంలో ఏడూ గురువారాలే. కట్ట మీద ఎవరైనా అరటి తొక్క పారేశారో, వాళ్ల ఏడు తరాలూ ఆవిడ నోట్లో పడ్డట్టే.

ఆ కట్టలో నడిమి ఆరువందల మీటర్లు మాత్రం రెనో బాటిస్టెల్లాది. రైలు ఆగిపోయినప్పుడు వాళ్ల నాన్న కొనుక్కున్నాడు. రెనోకి నూట నలభై పాడి ఆవులు. కట్టకి ఉత్తరాన ఒక మేత బీడు, దక్షిణాన ఒక మేత బీడు. అక్కడ బాటకి అడ్డంగా రెండు చిన్న గేట్లుంటాయి, మనుషులకి. వాటి మధ్యలో ఎదురెదురుగా రెండు పెద్ద గేట్లుంటాయి, ఆవులు ఇటునుంచి అటు దాటడానికి. గేటు ఎలా ఉంటే అలాగే వదిలి వెళ్లాలన్నది ఆ ప్రాంతంలో అందరికీ పుట్టుకతో వచ్చే నీతి. అది పట్నం వాళ్లకి తెలియదని వెర్నా అక్కడ బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాసి పెట్టింది కూడా.

కిందటి వారం ఎవడో సెలవులకొచ్చినవాడు ఫొటో కోసం పెద్ద గేటూ చిన్న గేటూ తీసి, తీసినట్టే వదిలి పోయాడు. పదకొండు పెయ్యలు హైవే ఎక్కాయి. పాల ట్యాంకరు డ్రైవరు బ్రేకు మీద నిలబడబట్టి గానీ లేకపోతే అంతే సంగతులు. ఆ సాయంత్రం రెనో వెర్నా ఇంటికొచ్చాడు. కుర్చీ వేసినా కూర్చోలేదు.

“ఇంకొక్కసారి, వెర్నా. నా గేటు దగ్గర ఇంకొక్క తేడా జరిగిందా, రెండు వైపులా తాళాలేసేస్తాను. సైకిళ్లూ వద్దు, మీ గురువారాలూ వద్దు.”

“జరగదులే రెనో. నేను చూసుకుంటాను.”

“నువ్వున్నావనే ఊరుకుంటున్నా.”

మధ్యలో ఆరువందల మీటర్లు పోతే మిగిలేది ఎటూ పోని రెండు ముక్కలు. పద్నాలుగేళ్ల చాకిరీ గంగలో కలుస్తుంది. అప్పట్నుంచి వెర్నాకి కంటి మీద కునుకు లేదు. రోజూ పొద్దున్నే వెళ్లి ఆ గేట్లు తడిమి చూసుకుంటే గానీ టీ దిగేది కాదు.

మంగళవారం నలభై ఒక్క డిగ్రీలన్నారు. ఎక్కడా నిప్పు ముట్టించకూడదని రేడియోలో పొద్దుటినుంచీ అదే పాట. వెర్నా ఏడింటికే బయల్దేరింది. దూరంగా గేట్ల దగ్గర ఇద్దరు సైకిళ్ల వాళ్లు ఆగి, నీళ్లు తాగి, వెళ్లిపోవడం కనిపించింది. తీరా తను వెళ్లేసరికి ఉత్తరం వైపు పెద్ద గేటు బార్లా తెరిచి ఉంది!

ఆవిడ గేటు కమ్మీ మీదికెక్కింది. బీడులోకి చూస్తే ఆవులు లేవు. ఆ బీడు చివర్న చెట్ల వరస కింద నల్లగా గుంపు కనిపించాక ఊపిరి పీల్చుకుంది. ఎదుటి గేటు కూడా తెరిచే ఉందని చూసింది. చూసి, దానిక్కూడా ఆ ఇద్దరినే తిట్టుకుంది. దక్షిణం బీడు ఖాళీగా ఉంది కదా అని దాని జోలికి పోకుండా, ఉత్తరం గేటు మూసి గొలుసు వేసి, కొక్కెం తగిలించి, రెండుసార్లు లాగి చూసింది. పరువు నిలబెట్టానని ఎంత సంబరపడిందో! ఊరందరికీ నేర్పిన నీతి తనకే గుర్తు రాలేదు.

పన్నెండుంపావుకి ఫ్యాను కింద కూర్చుని బీట్‌రూట్ శాండ్‌విచ్ తింటుంటే నోలీన్ ఫోన్ చేసింది. గురువారం జట్టుకి కబుర్లన్నీ చేరవేసేది ఆవిడే.

“ఏమే, ఈ ఎండకి బతికే ఉన్నావా? పాపం ఆ రెనోని చూడు, ఇవాళే ఉత్తరం బీడులో నీళ్ల పైపు పగిలిందిట. తొట్టెలో చుక్క లేదు. గేట్లు రెండూ తెరిచిపెట్టి ఆవుల్ని అటువైపు కుంటకి వదిలేశానన్నాడు. పొద్దున ఆరింటికే అందరికీ మెసేజ్ పెట్టాను, చూడలేదా?”

వెర్నా చేతిలో ముక్క పళ్లెంలో పడింది.

“రెనో ఎక్కడున్నాడు?”

“పైపు ముక్క కోసం పట్నం పోయాడు. ఏమైందే?”

“ఫోన్ చెయ్యి. ఎత్తేదాకా చేస్తూనే ఉండు,” అని వెర్నా అప్పటికే గుమ్మం దిగింది.

నాలుగున్నర గంటలు. పాలిచ్చే ఆవులు, ఆ ఎండలో, చుక్క నీళ్లు లేకుండా. రోడ్డు చివర బండి ఆపింది. అక్కణ్ణుంచి రెండు కిలోమీటర్లు. బండి కట్ట మీదికి ఎక్కిస్తే మూడు నిమిషాల పని. కానీ గడ్డి ఎండి కరకరలాడుతోంది, పొగగొట్టం వేడి తగిలిందంటే భగ్గుమంటుంది. ఇలాంటి రోజు కట్ట మీదికి బండి తేవద్దని అందరికీ చెప్పిందే ఆవిడ. ఇవాళ ఒక బుద్ధిలేని పని చాలనుకుని, పనిసంచీ భుజాన వేసుకుని నడిచింది. నడక కాదు, పరుగు. సైకిలు తెచ్చుకోవాలన్న ఆలోచన సగం దూరం పోయాక గానీ తట్టలేదు.

గేటు కనబడక ముందే అరుపులు వినబడ్డాయి. నూట నలభై ఆవులూ గేటుకి ఒరుసుకుని నిలబడ్డాయి. నాలుకలు బయటపెట్టి రొప్పుతున్నాయి. వెనక ఉన్నవి ముందున్నవాటిని తోస్తున్నాయి. గేటు విల్లులా వంగింది. వెర్నా కొక్కెం పట్టుకుని లాగింది. అంత బరువు మీద పడి గొలుసు బిగుసుకుపోయింది, కొక్కెం వెంట్రుకవాసి కూడా కదల్లేదు. టోపీ తీసి వాటి మొహాల మీద కొట్టింది, అరిచింది, బతిమాలింది. వాటికి తెలిసిందల్లా అవతల నీళ్లున్నాయని. ఒకటి అప్పటికే కింద పడిపోయి ఉంది.

ఇక మిగిలింది కంచె. ఆ ప్రాంతంలో రైతు కంచె తెంచడం కన్నా పెద్ద పాపం లేదు. వెర్నా సంచీలోంచి కటింగ్ ప్లేయరు తీసి, గేటు స్తంభం పక్కన మొదటి తీగ తెంచింది. రెండోది తెంచింది. మూడోది తెగుతూనే ఎగిరొచ్చి ముంజేతిని జానెడు చీల్చింది. నాలుగోది కూడా తెంచాక పక్కకి దూకింది. ముందు ఒక్క ఆవు తలపెట్టి చూసింది. తర్వాత చెరువు గట్టు తెగినట్టు అన్నీ ఆవిడ ముందునుంచే పరిగెత్తి, ఎదుటి గేటులోంచి కుంటలో పడ్డాయి.

పడిపోయిన ఆవు మాత్రం లేవలేదు. వెర్నా తన సీసాలో నీళ్లన్నీ దాని నాలుక మీద పోసింది. అది మింగలేదు.

రెనో బండి దుమ్ము రేపుకుంటూ బీడులో మట్టిదారి వెంట వచ్చేసరికి ఆవిడ దాని పక్కనే కూర్చుని ఉంది. అతను గేటుని చూశాడు. గొలుసుని చూశాడు. తెగిన కంచెని చూశాడు. ఆవు దగ్గర మోకాళ్ల మీద కూర్చుని కంటి మీద వేలు పెట్టి చూసి, లేచాడు.

“సైకిళ్ల వెధవలు! పొద్దున తెరిచిపెట్టి వెళ్లానే! కిందటి వారం తిట్టానని ఈ వారం మూశారన్నమాట. అయిపోయింది వెర్నా. ఇవాళే తాళాలు పడతాయి.” తర్వాత ఆవిడ చేతి రక్తం చూసి గొంతు తగ్గించాడు. “నువ్వు రాకపోతే సగం మంద పోయేది. ఈ ఎండలో పరిగెత్తుకొచ్చావా?”

అతను మెచ్చుకుంటుంటే వెర్నాకి ఒళ్లంతా కంపరమెత్తింది. ఊరుకుంటే తన పేరు నిలుస్తుంది, కట్ట పోతుంది. చెబితే రెండూ పోవచ్చు. ‘నువ్వున్నావనే’ అన్న మనిషి కదా!

“వాళ్లు కాదు రెనో. మూసింది నేను.”

అతనికి అర్థం కాలేదు.

“నేనే. ఆ ఇద్దరే తెరిచారనుకున్నా. మెసేజ్ చూసుకోలేదు. గొలుసు కూడా నేనే వేశాను.”

రెనో వెళ్లి గేటు గొలుసు విప్పాడు. అవతల ఆవులు నీళ్లు తాగే చప్పుడు వినిపిస్తోంది.

“ఎవడో దారిన పోయే వెధవైతే బావుండేది,” అన్నాడు చివరికి. “వాణ్ణి తిట్టుకునేవాణ్ణి. నిన్నేం చెయ్యను?”

“తాళాలు మాత్రం వెయ్యకు. వాళ్లు ఏ తప్పూ చెయ్యలేదు.”

“వెయ్యను. దారి ఉంటుంది. కానీ ఇకమీదట నా గేట్ల మీద నీ చెయ్యి పడకూడదు. పెద్దదీ వద్దు, చిన్నదీ వద్దు.”

“సరే,” అంది వెర్నా. ఇంటికెళ్లి తలుపేసుకుని బావురుమంది.

గురువారం జట్టుతో వెళ్లింది. నోలీన్ గేటు తీస్తే దాటింది, అందరితో కలిసి ముళ్లు కొట్టింది. వాళ్లు మధ్యాహ్నానికే వెళ్లిపోయారు. వంతెన కింద కాలవ పని మిగిలిందని వెర్నా ఉండిపోయింది. సాయంత్రం తిరిగొచ్చేసరికి చిన్న గేటు మూసి ఉంది, చుట్టుపక్కల పురుగు లేదు. వేలితో ఎత్తితే ఊడే గడియ అది. ఎక్కి దాటినా అడిగేవాడు లేడు. ఆవిడ పనిసంచీ కింద పెట్టి, గేటుకి రెండడుగుల దూరంలో నేల మీద కూర్చుంది. సైకిలు వస్తుందేమోనని చూసింది. ముప్పావుగంటైనా ఎవరూ రాలేదు.

పాలు పిండే వేళకి ఆవుల్ని తోలుకెళ్లడానికి రెనో వచ్చాడు. ఆవిణ్ణి చూసి బండి ఆపాడు. ఎంతసేపట్నుంచి కూర్చుందో అడగలేదు. దిగొచ్చి గడియ తీసి, గేటు పట్టుకుని నిలబడ్డాడు. వెర్నా మోకాళ్లు పట్టుకుని లేచి, సంచీ ఎత్తుకుని, తల వంచుకుని దాటింది. అతను వెనక గేటు మూసి, ముందుకెళ్లి రెండో చిన్న గేటు కూడా తీసి, ఆవిడ దాటాక మూశాడు.

ఆవిడ నాలుగడుగులు వేశాక పిలిచాడు.

“రేపూ వస్తావా?”

“కాలవ పని ఇంకా ఉంది.”

“ఎన్నింటికి?”

వెర్నా వెనక్కి తిరిగింది. అతను ఆవిడ వైపు చూడకుండా గడియనే చూస్తున్నాడు.

“ఏడున్నరకి,” అంది.

“ఉంటాను,” అని రెనో ఆవుల వైపు వెళ్లిపోయాడు.