ప్లగ్గులకు పెట్టిన బొట్టు

వయసులో నాకున్న పిచ్చి ఒక పాత స్పోర్ట్స్ కారు. రెండే సీట్లు, మడిచి వెనక్కి తోసే గుడ్డ టాపు. హన్మకొండ చౌరస్తాలో బట్టల కొట్టు నడుపుకునేవాడికి ఇదెందుకని బజారంతా నవ్వేది. మా ఆవిడ దాన్ని సవతి అనేది. నేను రోషగాణ్ణి, వాళ్లు నవ్వేకొద్దీ ఇంకా మెరిసేలా తుడిచేవాణ్ణి. డెబ్బైల చివరి మాట ఇది.

ఒక ఏడు దసరాకు ముందురోజు ఇంజను మిస్సింగ్ కొట్టసాగింది. మా పాత మేస్త్రి షెడ్డుకు తీసుకెళ్లాను. ఆయన మరిపెడ నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన పెద్దమనిషి. కళ్లకు పొరలు కమ్ముతుండేవి. పనితనం పోయిందని అప్పటికే గుసగుసలు మొదలయ్యాయి. నాలాంటి నలుగురైదుగురి నమ్మకం మీదే ఆయన పొయ్యి వెలిగేది.

మసిపట్టిన నాలుగు ప్లగ్గులూ విప్పి కొత్తవి తీశాడు. నిప్పురవ్వ దూకే సందులో సన్నటి రేకు పెట్టి, అది పట్టీపట్టనట్టు కదిలేదాకా సరిచేశాడు. ఆ తర్వాత ప్లగ్గులకు కరెంటు పంపే కాయిల్ వంతు. దాని వైరు కొసను ఇంజను ఇనుముకు దగ్గరగా పట్టుకుని, నన్ను తాళం తిప్పమన్నాడు. టప్ టప్‌మని రవ్వ ఎగిరింది. ఆయన చూడలేదు, చెవి ఒగ్గాడు.

"మంచి నిప్పు గట్టిగ కొడ్తది సేటు. కాయిల్‌కు ఫికర్ లేదు," అన్నాడు.

ఇంటిదాకా బండి ఎక్కడా తడబడలేదు.

మర్నాడు సాయంత్రం జమ్మికి బయల్దేరుతూ బండికి పూజ చేశాను. అందరూ బానెట్ మీద బొట్టు పెట్టి ఊరుకుంటారు. నా భక్తి అక్కడ ఆగలేదు. బానెట్ ఎత్తి, ప్లగ్గుల తెల్లటి పింగాణీ మెడలకూ, కాయిల్ నెత్తికీ తడి పసుపు దట్టంగా పూసి కుంకుమ అద్దాను.

జమ్మి దగ్గర జనంలోకి చేరేసరికి బండి ఎక్కిళ్లు పెట్టి ఆగిపోయింది. చుట్టూ నా కొట్టుకొచ్చే వ్యాపారులే. ఎవరో నవ్వారు. అప్పుడే మేస్త్రి జమ్మాకు చేత పట్టుకుని అలయ్‌బలయ్‌ అని కౌగిలించుకోవడానికి నా దగ్గరికి వచ్చాడు.

"కండ్లు కనపడనోనికి బండి ఇచ్చుడు నాదే తప్పు," అన్నాను, అందరికీ వినపడేలా.

ఆయన ఆకు జేబులో పెట్టుకున్నాడు. బానెట్ ఎత్తి ప్లగ్గులు తడిమాడు. వేళ్లు వాసన చూసుకున్నాడు. తువ్వాలతో అన్నీ తుడిచి, "జర తడి తాకింది, నడుస్తది" అని వెళ్లిపోయాడు. బండి నడిచింది.

ఇంటికొచ్చి చూస్తే నేను పెట్టిన బొట్లు ఒక్కటీ లేవు. కాయిల్ వెనక మాత్రం కాస్త పసుపు మిగిలింది. పింగాణీ మీది తడి వెంట కరెంటు పక్కదారి పట్టిందని అప్పుడు అర్థమైంది. ఆడలేక మద్దెల ఓడన్నది నేనే. సిగ్గుతో ఆ పూట అన్నం సయించలేదు.

పొద్దున్నే షెడ్డుకు వెళ్లి తప్పు ఒప్పుకున్నాను.

"నిన్న ఎందుకు చెప్పలేదు కాకా?"

"పండుగ పూట పెట్టిన బొట్టును తప్పంటరా?" అన్నాడు. చేతి మసి తుడుచుకుంటూ, "నల్గురి ముందట అంటివి. ఇయ్యాల నా ఒక్కనికే చెప్తానవ్" అన్నాడు.

ఆ మాట నిజం. అందుకే ఆ వ్యాపారులను కొట్టుకు పిలిచి, చాయ్ పోయించి, జరిగింది జరిగినట్టు చెప్పాను. అందరూ శ్రద్ధగా విన్నారు. వాళ్లలో లారీ ఉన్న బియ్యం వ్యాపారి నా భుజం తట్టాడు.

"ముసలాయన ఇజ్జత్ కాపాడెతందుకు తప్పు మీదేసుకుంటానవ్. నీది పెద్ద మనసు సేటు," అన్నాడు.

మిగతావాళ్లు తలలూపారు. ఎంత మొత్తుకున్నా ఎవరూ నమ్మలేదు. బజారులో నా పేరు పెరిగింది. ఆయన షెడ్డుకు మాత్రం, మూసేసేదాకా, నా బండి ఒక్కటే వెళ్లింది.