పేరు తీసేసి ఏడవమన్నారు

నేను వజ్రపుకొత్తూరు వెళ్ళింది మా అక్క మొగుడు విశ్వనాథం బావ మూలంగా. ఆయన టెక్కలిలో ప్లీడరు. పల్లెపదాలు పోగుచేసి పత్రికలకు పంపడం సరదా. మగవాడు అడిగితే పల్లె ఆడవాళ్ళు నోరు విప్పరని, కాలేజీ సెలవుల్లో కాలు నిలవని నన్ను వెంటబెట్టుకున్నాడు.

తెల్లవారుతూనే టెక్కలిలో చిన్న రైలెక్కి నౌపడాలో దిగాం. అక్కడ పెద్ద రైలు పట్టుకుని పలాస చేరేసరికి పొద్దెక్కింది. స్టేషను బయట సూరయ్య బండి, రానూపోనూ రూపాయిన్నరకు కుదిరింది. దారి పొడుగునా కొబ్బరి, జీడి తోటల నీడే. తోటలు దాటగానే ఇసుక. "దిగండి బాబూ, ఎడ్లు సత్తాయి" అన్నాడు సూరయ్య.

"ఈ నడక సంగతి ముందు చెప్పలేదే!" అని బావ గుర్రుమన్నాడు.

"సెప్తే ఎక్కుతారేటి?"

మధ్యాహ్నం పడవల సావుకారు అప్పలనర్సయ్య మాకు తన ఇంట్లో చేపల పులుసుతో భోజనం పెట్టి మర్యాద చేశాడు. తర్వాత ఒడ్డుకు వెళితే, వల బాగుచేసుకుంటున్న నీలమ్మను సూరయ్య చూపించాడు. మొన్నటి గాలివానలో సముద్రం మీదికెళ్ళిన ఆమె కొడుకు పోలయ్య తిరిగి రాలేదు. ఈ ఒడ్డున పోయినవాళ్ళ కోసం ఆడవాళ్ళు రాగం తీసి ఏడుస్తారు. ఎలా పుట్టాడు, ఎలా పెరిగాడు, ఎవరివల్ల పోయాడు, అన్నీ అందులోనే చెబుతారు. మధ్యలో ఎవరూ అడ్డు రాకూడదు. పంచాయితీలో నోరెత్తనివ్వని ఆడదాని మాటను అప్పుడు మాత్రం ఊరంతా తలవంచుకు వినాలి. నీలమ్మ ఏడుపులో సావుకారు పేరుందని సూరయ్య దారిలోనే చెప్పాడు.

బావ పెన్సిలు తీశాడు. "అమ్మా, ఆ ఏడుపు ఒకసారి నెమ్మదిగా పాడు. రాసుకుంటాను."

"ఏడుపు పాడతారేటి బాబూ?"

"కరుణరసం బాగుందట. సావుకారు పేరొక్కటి తీసెయ్యి."

నాకు ఒళ్ళు మండింది. "ఆ పేరు తీసేస్తే ఇంకేం మిగులుతుంది బావా?"

"కవిత్వం మిగులుతుంది. ఇప్పుడేగా ఆయనింట్లో తిన్నాం. ఊరుకో."

నీలమ్మ వల పక్కన పెట్టింది. "మరి ఆ సోట ఎవుల పేరెట్టమంతారు?"

"ఎవరిదైనా పెట్టు."

"తవఁరి పేరేటి బాబూ?"

బావ గొప్పగా చెప్పాడు. ఆమె రాగం ఎత్తుకుంది. వలల దగ్గరివాళ్ళంతా పనులాపి తలలు వంచారు. "సంద్రం తిరగబడినాదన్నా ఇన్నేదు కొడకా, పడవ తోయించీసినాడు, ఇస్సనాదం బాబు తోయించీసినాడు, ఓ నా పోలిగా..."

"నేనా? నేనెప్పుడు తోయించాను!" బావ ఎగిరిపడ్డాడు.

"ఊరుకోండి బాబూ" అన్నాడు సూరయ్య తలెత్తకుండానే. "ఏడుపుకి అడ్డు రాకూడదు."

ఆమె ఆపలేదు. కొడుకు పేరు వచ్చినప్పుడల్లా ఇసుక మీద అరచేత్తో కొట్టుకుంది. బావ పేరు మాత్రం ఒక్కసారీ తడబడకుండా పలికింది. తిరుగుదారిలో ఎవరూ దిగమనకుండానే బావ ఇసుకలో ఎడ్లకంటే ముందు నడిచాడు.

పదిహేను రోజులకు ఆ ఏడుపు పత్రికలో పడింది. పేరున్న చోట "ఎవరో నిర్దయుడు" అని పెట్టాడు. మా బావకు చెప్పుకోవడానికి కోర్టుంది, పత్రికుంది. సావుకారుకు పంచాయితీ ఉంది. నీలమ్మకున్నది ఆ ఏడుపొక్కటే. అందులోంచి కూడా మాకు రుచించిన ముక్క కోసుకుపోవడానికి బండి కట్టించుకుని వెళ్ళాం. ఆ నిర్దయుడు అప్పలనర్సయ్య. బావ రాయలేదు, నేను రాస్తున్నాను.

ఆ వైపు వెళ్ళేవాళ్ళకు ఒక్క మాట. పలాసలోనే అన్నం మూట కట్టించుకోండి. ఒడ్డున ఎవరింట్లోనూ తినకండి.